ఐదు మైదానాలకు ఒప్పుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం వేసింది, రెండోసారి భయం వేసింది. ఒక్క మైదానంలో ఎనభై మంది పిల్లలకి ఆటతోపాటు చదువూ చెబుతూ నడుస్తున్న నీ సంస్థ దగ్గరికి ఒక దాత తనంతట తానే వచ్చి, ఏడాదిలో ఐదు చోట్ల పెట్టండి, ఖర్చు నేను చూసుకుంటాను అన్నాడంటే చిన్న సంగతి కాదు. ఏళ్ల తరబడి చెప్పులరిగేలా తిరిగినా ఆ మాట వినని వాళ్లు బోలెడంత మంది ఉన్నారు, నాతో సహా. "ఒప్పుకోమంటారా మాస్టారూ?" అని అడిగావు. ఐదింటికి వద్దమ్మా. ఒక్కదానికి ఒప్పుకో. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు. రిటైరైన వాడి చేతికి కలం దొరికితే ఎలా ఉంటుందో నీకు తెలియనిది కాదు.

నేను ఒకటి నుంచి నాలుగు మైదానాలకు ఒకే సంవత్సరంలో వెళ్లాను. అప్పటికి నువ్వు చిన్నపిల్లల జట్టులో ఉన్నావు, గుర్తుండకపోవచ్చు. బంతులు, కోన్లు, జెర్సీలు నాలుగింతలు చేయడం వారం రోజుల పని. పిల్లలు నెల తిరక్కుండానే నాలుగింతలయ్యారు. ఆట ఉందని తెలిస్తే పిల్లలు రాకుండా ఉంటారా? పెరగనిదల్లా ఒక్కటే: ఫలానా పిల్ల ఈ వారం ఎందుకు దిగులుగా ఉందో తెలిసిన మనుషులు. మొదటి గ్రౌండ్‌లో అలాంటివాళ్లం ముగ్గురం ఉండేవాళ్లం. ఆ ముగ్గురమే నాలుగు చోట్లా సర్దుకున్నాం, అంటే ఎక్కడికెళ్లినా చుట్టాల్లా వెళ్లి వచ్చాం. మూడో గ్రౌండ్‌లో ఒక కుర్రాడు నన్ను, "సార్, వచ్చే వారం మీరొస్తారా, ఇంకో సార్ వస్తారా?" అని అడిగాడు. కోపంగా అడగలేదు. ఎవరొస్తే వాళ్లకి తగ్గట్టు ఉండాలి కదా అని, ముందే తెలుసుకుందామని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఏడాది తిరిగేసరికి రెండు మూతపడ్డాయి. అంతకన్నా ఘోరం, కొత్తచోట్ల గొడవలు సర్దడంలో పడి మొదటిదాన్ని గాలికొదిలేశాం. అది మళ్లీ గాడిన పడటానికి రెండేళ్లు పట్టింది.

ఈ దారిలో పేరు తెచ్చుకున్న సంస్థల్ని చూడు. న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెమ్‌లో 1991లో పాడుబడిన ఖాళీ స్థలాన్ని బాగుచేసి, బేస్‌బాల్ ఆడించడంతో మొదలుపెట్టిన సంస్థ హార్లెమ్ ఆర్‌బీఐ. వాళ్లు సొంతంగా బడి తెరిచింది 2008లో. మధ్యలో పదిహేడేళ్లు ఉన్నాయి. పేరు మార్చుకుని డ్రీమ్ అని పెట్టుకుంది 2017లో. నువ్వు లోగో, కొత్త పేరు గురించి రెండు పేజీలు రాశావు కాబట్టి చెప్తున్నాను, దానికి ఇంకా చాలా టైముంది.

ఇంకో రకం ఎదుగుదల కూడా ఉంది, అది మనవాళ్లకి పెద్దగా తట్టదు. బోస్టన్‌లో 1996లో స్క్వాష్‌బస్టర్స్ అని ఒక సంస్థ పుట్టింది. స్క్వాష్ ఆట, దానితోపాటు హోంవర్క్, ట్యూషన్, కాలేజీ దాకా తోడుండటం వాళ్ల పద్ధతి. అది దేశమంతటా తన శాఖలు తెరుచుకుంటూ పోలేదు. చూసినవాళ్లు తమ ఊళ్లలో తమ సొంత సంస్థలు పెట్టుకున్నారు, తర్వాత వాటన్నిటికీ ఉమ్మడి సంఘం ఒకటి వచ్చింది. పక్క ఊరి వాళ్లు మీ పద్ధతి అడిగితే దాచుకోకు. నీ హాజరు పట్టీ నమూనా, కోచ్‌ల శిక్షణ కాగితాలు, చేసిన తప్పులు అన్నీ ఇచ్చెయ్. అక్కడి పిల్లలకి అక్కడి మనిషి దొరుకుతాడు, నీకు జీతాల టెన్షన్ ఉండదు. నీ బోర్డు మీద పేరు పెరగకపోవచ్చు. అది నిన్ను బాధపెడుతుందా అని నిన్ను నువ్వే నిజాయితీగా అడుగు. నన్నైతే బాధపెట్టింది, ఆ వయసులో.

సరే, ఆ రెండో మైదానానికి మనుషులెక్కడి నుంచి వస్తారు? ప్రకటన ఇస్తే కోచ్‌లు వస్తారు, మంచి ఆటగాళ్లే వస్తారు. కానీ మన పనికి కావలసింది ఓడిపోయిన పిల్లతో ఎలా మాట్లాడాలో తెలిసినవాళ్లు. వాళ్లు ఎక్కువగా నీ దగ్గరే పెరుగుతుంటారు. నైరోబీలోని మథారే మురికివాడలో 1987లో మొదలైన యువజన క్రీడా సంఘాన్ని నేను ఎన్నోసార్లు ఉదాహరణగా చెప్పాను, మళ్లీ చెప్తాను. అక్కడ జట్లకు గెలిచిన మ్యాచ్‌లకే కాదు, బస్తీని శుభ్రం చేసిన పనికి కూడా లీగ్‌లో పాయింట్లు ఇచ్చారు. లీగ్ నడిపే పనిలో, కోచింగ్‌లో ఆ పిల్లలే ఎదిగారు. సేవ చేసి సంపాదించుకున్న పాయింట్లతో చదువుకి స్కాలర్‌షిప్ పొందే ఏర్పాటూ ఉండేది. మన దేశంలో జార్ఖండ్‌లో 2009లో ఆడపిల్లల ఫుట్‌బాల్‌తో మొదలైన యువా సంస్థలోనూ ఆడుతూ పెరిగిన అమ్మాయిలే కోచ్‌లయ్యారు. 2015లో వాళ్లు బడి కూడా పెట్టారు.

నీ దగ్గర పదిహేను, పదహారేళ్ల వాళ్లలో ఆరుగురినో ఏడుగురినో ఇప్పుడే గుర్తుపెట్టుకో. బాగా ఆడేవాళ్లని చూడకు, చిన్నపిల్లలు ఎవరి చుట్టూ చేరుతున్నారో చూడు. ముందు విజిల్ ఇవ్వు, తర్వాత ఒక చిన్న జట్టు అప్పగించు, ఏడాది నీ పక్కనే ఉంచుకో. ఎంతో కొంత భత్యం తప్పకుండా ఇవ్వాలి. ఉచితంగా పనిచేయించుకుని దానికి నాయకత్వ శిక్షణ అని పేరు పెట్టే సంస్థల్ని చూశాను, సిగ్గేసింది. పరీక్షల ముందు నెల వాళ్లకి డ్యూటీ వెయ్యకు. మా దగ్గర ఒక అమ్మాయి పసిపిల్లల జట్టుని అద్భుతంగా నడిపింది, ఆ ఏడాది తన పరీక్ష తప్పింది. ఆ తప్పు పూర్తిగా నాదే.

చదువు సంగతికొస్తాను. మొదట్లో నేనూ అందరిలాగే "ముందు చదువు, తర్వాత ఆట" అన్నాను. రోజంతా బడిలో బెంచీ మీద కూర్చున్న పిల్లని తీసుకొచ్చి ఇంకో గంట కూర్చోబెడితే పుస్తకం తెరిచే ఉంటుంది గానీ కళ్లు గ్రౌండ్ మీదే ఉంటాయి. చివరికి మాకు కుదిరిన వరస ఇది: రాగానే ఇరవై నిమిషాలు పరుగులు, పాసింగ్. తర్వాత నలభై అయిదు నిమిషాలు చదువు. ఆఖర్న మ్యాచ్. ఆఖర్న మ్యాచ్ ఉంటే మధ్యలో ఎవరూ జారుకోరు.

చదువు గంటలో పిల్లల్ని తరగతుల వారీగా కూర్చోబెట్టకు. ఆరో తరగతి పిల్ల రెండో తరగతి పుస్తకం తడబడుతూ చదివితే ఆమెకి ఆరో తరగతి హోంవర్క్ చేయించి ఏం లాభం? స్థాయిని బట్టి గుంపులు చేయాలి. ప్రథమ్ సంస్థ ఇదే పద్ధతిని మన దేశంలో విస్తృతంగా నడిపింది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో కూడా దాన్ని క్షేత్రంలో పరీక్షించి, ఫలితం ఉందని తేల్చినవాళ్లలో ఉన్నారు. ఆటలో ఇది మనకి కొత్తేం కాదు. ఆరో తరగతి చదువుతోందని ఎవరినైనా నేరుగా మెయిన్ టీమ్‌లో వేస్తామా? బంతి ఆపడం వచ్చాకే కదా పాస్ ఇవ్వడం నేర్పుతాం.

మీ కమిటీలో ఒకాయన, మార్కులు తగ్గితే ఆట ఆపేయాలని పట్టుబడుతున్నాడని రాశావు. గౌరవంగానే కాదని చెప్పు. మార్కులు తగ్గిన పిల్లకి మిగిలిన ఒకే ఒక్క ఆసరా ఆ ఆట. అది తీసేస్తే మార్కులు పెరగవు, పిల్ల మాయమవుతుంది. షరతు పెట్టాలనుకుంటే హాజరు మీద పెట్టు. చదువు గంటకి వచ్చి కూర్చోవడం పిల్ల చేతిలో ఉంది, మార్కులు ఎప్పుడూ ఆమె చేతిలో ఉండవు.

ఇప్పుడు చెప్పేది అన్నిటికన్నా ముఖ్యం, నువ్వు ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయనిది. పిల్లల భద్రత. ఒక్క గ్రౌండ్ ఉన్నప్పుడు అంతా నీ కళ్లముందే జరుగుతుంది. రెండోది తెరిచిన రోజు నుంచి సగం నీ కంటికి కనపడదు. ఆటలో కోచ్ చేతికి ఉండే అధికారం బడిలో టీచరుకి కూడా ఉండదు: ఎవరు ఆడాలో, ఎవరు బయట కూర్చోవాలో అతనే చెప్తాడు. పిల్లలు అందుకే నోరు విప్పరు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్ లారీ నాసర్ వైద్యం పేరుతో అమ్మాయిల్ని లైంగికంగా వేధించిన కేసు గుర్తుందా? ఏళ్ల తరబడి అమ్మాయిలు చెబుతూనే ఉన్నారు, పెద్దవాళ్లు పట్టించుకోలేదు. 2018లో శిక్ష విధించే సమయానికి కోర్టులో 150 మందికి పైగా బాధితులు మాట్లాడారు. అంత పెద్ద వ్యవస్థలోనే అది జరిగితే, చిన్నవాళ్లం, మంచివాళ్లం, మా దగ్గర జరగదు అనుకోవడం మన అమాయకత్వం.

కాబట్టి మొదటి కొత్త కోచ్‌ని తీసుకోకముందే రాతపూర్వకంగా పెట్టుకో. ఏ పెద్దవాళ్లూ ఒక పిల్లతోగానీ పిల్లాడితోగానీ ఒంటరిగా ఉండకూడదు, కారులోనూ, స్టోర్ రూములోనూ. పిల్లలకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, అందరూ ఉన్న గ్రూపులోనే పెట్టాలి, అందులో తల్లిదండ్రులు ఉండాలి. ఉద్యోగానికి ముందు పాత చోట వాకబు చేయాలి, ఫోన్ చేసి నేరుగా మాట్లాడాలి. ఫిర్యాదు వినే మనిషి కోచ్‌ల కింద పనిచేసేవాళ్లు అయి ఉండకూడదు. ఆ మనిషి ఎవరో, ఎలా చెప్పాలో పిల్లలందరికీ తెలిసి ఉండాలి. ఇవి వాలంటీర్లకీ వర్తిస్తాయి, దాతలకీ వర్తిస్తాయి, నాకూ వర్తిస్తాయి. ఎవరైనా నన్ను నమ్మరా అని నొచ్చుకుంటే, నొచ్చుకోనీ.

ఆడపిల్లల గురించి నీకు నేను చెప్పేదేముంది, పన్నెండో ఏట నీ జట్టులో ఎంతమంది మిగిలారో నువ్వే చూశావు. మరుగుదొడ్డి, తలుపుకి గడియ, చీకటి పడకముందే ముగిసే ప్రాక్టీస్, ఆడ కోచ్. ఈ నాలుగూ లేని చోట గ్రౌండ్ తెరవకు. కాబూల్‌లో 2007లో పిల్లలకు స్కేట్‌బోర్డింగ్ నేర్పడంతో మొదలైన స్కేటిస్తాన్ అంత కష్టమైన చోట కూడా అమ్మాయిల్ని రప్పించగలిగింది. వాళ్లకి వేరే రోజులు పెట్టి, ఆడవాళ్లతోనే నేర్పించింది.

డబ్బు దగ్గరికొద్దాం. దాతలకి బంతులు కొనివ్వడం ఇష్టం, ఫొటోలో పడతాయి. కోచ్ జీతం ఫొటోలో పడదు. నీ ఖర్చులో పెద్ద భాగం జీతాలే ఉంటాయి, ఉండాలి కూడా. దాతతో ఇది మొదటి మీటింగులోనే తేల్చుకో. ఒక ఏడాదికి ఐదు మైదానాల డబ్బు ఇచ్చే బదులు, మూడేళ్లకు ఒక మైదానం డబ్బు ఇమ్మని అడుగు. మొదటి ఆరు నెలలు అక్కడ పిల్లలు ఉండరని, కోచ్‌లు మన దగ్గర తయారవుతుంటారని, బడి హెడ్మాస్టర్‌తో, తల్లిదండ్రులతో మాట్లాడుతుంటామని ముందే చెప్పు. ఒప్పుకుంటే మంచి దాత. ఒప్పుకోకపోతే, రెండో ఏడు అతను మనసు మార్చుకున్నప్పుడు ఐదు చోట్ల పిల్లలకి మొహం ఎలా చూపించాలా అని నువ్వు వెతుక్కునే పని తప్పింది. మొత్తం రాబడిలో సగానికి మించి ఒక్కరి చేతిలో ఉంటే సంస్థ వాళ్లదే అవుతుంది, కాగితం మీద ఎవరి పేరున్నా సరే. ఏ దాతా రాకపోయినా ఆరు నెలలు జీతాలివ్వగలిగేంత నిల్వ చేసుకో. ఎప్పటికీ కుదరదనిపిస్తుంది, నెలనెలా కొద్దికొద్దిగా పక్కన పెడితే కుదురుతుంది. ఆడిట్ ఏటా చేయించు, అడగకముందే చూపించు.

ఆ దాతకి నువ్వు పంపిన రిపోర్టు చూశాను. "ఇప్పటివరకు 312 మంది పిల్లలు లబ్ధి పొందారు" అని పైనే పెద్దక్షరాల్లో ఉంది. ఒక్కసారి వచ్చి బంతి తన్ని వెళ్లిన వాడు కూడా ఆ 312లో ఉన్నాడు కదా? వచ్చినవాళ్లని కాదు, రెండేళ్లు నిలిచినవాళ్లని లెక్కపెట్టు. వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారో పక్కనే రాయి. అలాగే మా పిల్లలు మిగతావాళ్ల కంటే ఎక్కువ పాసయ్యారని రాయకు. మన దగ్గరికి వచ్చి నిలిచే పిల్లల్లో ముందే కాస్త పట్టుదల ఉన్నవాళ్లు ఎక్కువ, అదంతా మన గొప్పతనం అనుకోలేం. చేరిన రోజు ఎంత చదవగలిగిందో, ఏడాది తర్వాత ఎంత చదువుతోందో అదే పిల్లతో పోల్చు. ఆ మాత్రం చెప్తే చాలు, తెలివైన దాతకి అర్థమవుతుంది.

ఎనభై మందిలో ఈ మధ్య అరవై తొమ్మిది మందే వస్తున్నారని ఒక్క వాక్యం రాసి దాటేశావు. శనివారం ప్రాక్టీస్ టైముకి నేనొస్తున్నాను. దాతకి రాసే జవాబు చిత్తుప్రతి తయారుచేసి పెట్టు, ఇద్దరం కూర్చుని దిద్దుదాం. హాజరు పట్టీలు కూడా తీసి ఉంచు. ఆ పదకొండు మంది ఎవరో, వాళ్ల ఇళ్లెక్కడో ముందు చూసి, వెలుతురుండగానే ఇద్దరు ముగ్గురి ఇళ్లకైనా వెళ్లొద్దాం. జవాబు ఆ తర్వాత రాద్దువు గాని.

ఇట్లు,
మీ మాస్టారు