నల్లచొక్కాలు కనిపించకపోతే ఫాసిజం లేనట్టేనా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫేస్‌బుక్‌లో ఎవరికి ఏ ప్రభుత్వం నచ్చకపోతే దాన్ని ఫాసిస్టు ప్రభుత్వం అంటున్నారు. మా పుస్తకంలో నియంత, యూనిఫాం, కవాతు అని ఉంది. ఈ రోజుల్లో అలాంటిది నిజంగా వస్తుంటే ముందే ఎలా పోల్చుకోవాలండీ?
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: అమ్మా, మీ పుస్తకంలో ఉన్నది తప్పు కాదు. కాకపోతే ఆ కవాతులు కనిపించేసరికి ఆపగలిగే రోజులు దాటిపోయి ఉంటాయి. నేను ఈ పాఠం చాలా ఏళ్లు చెప్పాను. ‘ఫాసిజం లక్షణాలు వ్రాయుము’ అని ప్రశ్న వచ్చేది, పిల్లలు పాయింట్లు బట్టీ పట్టి వచ్చేవాళ్లు. మీకు పాయింట్లు ఇవ్వను. ఒక హత్య కేసు చెబుతాను. అది ఏ దారిన పోయిందో జాగ్రత్తగా చూడండి.

ఇటలీలో ఫాసిస్టు పార్టీ నాయకుడు ముస్సోలినీ 1922 అక్టోబరులో యుద్ధం చేసి రాజధాని రోమ్‌ను గెలవలేదు. అతని పార్టీ సాయుధ దళాలు, నల్లచొక్కాలు తొడుక్కునేవాళ్లు, రాజధాని మీదికి బయల్దేరినప్పుడు ప్రధాని ఫక్తా సైనిక పాలన ఉత్తర్వు సిద్ధం చేసి తీసుకెళ్లాడు. రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టలేదు. మిలాన్ నుంచి రాత్రి రైల్లో దిగిన ముస్సోలినీని పిలిచి ప్రధానిని చేశాడు. మంత్రివర్గంలో ఫాసిస్టులు కొద్దిమందే. పదవిలో కూర్చోబెడితే మనిషి దారికొస్తాడని మిగతా పార్టీల పెద్దలు నమ్మారు. మరుసటి ఏడాది ఎన్నికల చట్టం మారింది. నాలుగో వంతు ఓట్లు తెచ్చుకుని మొదటి స్థానంలో నిలిచిన అభ్యర్థుల జాబితాకు మూడింట రెండు వంతుల సీట్లు ఇచ్చేలా రాశారు. దాన్ని పార్లమెంటే ఆమోదించింది.

1924 ఏప్రిల్ ఎన్నికలు కొట్లాటల మధ్య జరిగాయి. మే 30న జాకొమో మత్తెయొత్తి అనే సోషలిస్టు ఎంపీ సభలో లేచి, దౌర్జన్యాలూ బెదిరింపులూ ఒక్కొక్కటే చెప్పి, ఆ ఫలితాలు చెల్లవన్నాడు. అడుగడుగునా అరుపులతో అడ్డుకున్నా చెప్పడం ఆపలేదు. జూన్ 10న ఇంటి నుంచి బయల్దేరి టైబర్ నది ఒడ్డున నడుస్తుంటే ఐదుగురు కలిసి కారులోకి లాక్కెళ్లారు. ఆగస్టు 16న నగరం బయట అడవిలో శవం దొరికింది.

కారు నెంబరు ఎలా తెలిసిందంటే, ముందు రోజు సాయంత్రం అది ఆ వీధిలో తచ్చాడుతుంటే దొంగలేమోనని అనుమానం వచ్చి, ఒక ఇంటి కాపలాదారు కుటుంబం రాసిపెట్టుకుంది. ఆ నెంబరు పట్టుకుని వెళ్తే ప్రభుత్వానికి కొమ్ముకాసే ఒక దినపత్రిక సంపాదకుడి దగ్గర తేలింది. అక్కడి నుంచి ప్రధాని పత్రికా కార్యాలయం అధిపతి దాకా పేర్లు బయటికొచ్చాయి. దర్యాప్తు చేసిన న్యాయమూర్తి మౌరో దెల్ జుదీచె గట్టివాడు, అరెస్టులు జరిగాయి. ముస్సోలినీ పని అయిపోయిందని దేశమంతా అనుకుంది.

ప్రతిపక్షాలు సభ బహిష్కరించి, రాజు కలగజేసుకుంటాడని ఎదురు చూశాయి. రాజు కదల్లేదు. 1925 జనవరి 3న ముస్సోలినీ పార్లమెంటులో నిలబడి, జరిగినదానికంతటికీ రాజకీయ, నైతిక బాధ్యత తనదేనన్నాడు. దమ్ముంటే చర్య తీసుకోండని దాని అర్థం. ఎవరూ తీసుకోలేదు. దెల్ జుదీచెకు పదోన్నతి ఇచ్చి సిసిలీకి పంపేశారు. విచారణను రోమ్‌కు దూరంగా కియేతి అనే చిన్న ఊరికి మార్చారు. అక్కడ నిందితుల తరఫున వాదించింది ఫరినాచ్చి. అప్పుడతను పాలక పార్టీ కార్యదర్శి! 1926 మార్చిలో ముగ్గురికి ఆరేళ్లకు కాస్త తక్కువ శిక్ష పడింది. అందులో నాలుగేళ్లు క్షమాభిక్ష కింద పోయాయి. కొద్దికాలానికే బయటికొచ్చారు. మత్తెయొత్తి భార్య వెలియా ఆ విచారణలో పాలుపంచుకోనని ముందే తప్పుకుంది. పాపం, ఆవిడకి అప్పటికే అర్థమైంది.

అమ్మా, రాజకీయ హత్యలు ఫాసిజం లేని దేశాల్లోనూ జరుగుతాయి. జరిగాక ప్రభుత్వం ఎవరి వెంట పడిందన్నదే నేను చూస్తాను. కొట్టినవాడి వెంటా, కేసు పెట్టినవాడి వెంటా? బదిలీ అయింది ఎవరు, పూలదండ పడింది ఎవరి మెడలో? ఇటలీలో ప్రతి అడుగుకీ ఒక ఫైలుంది, ఆ ఫైలు మీద సంతకముంది. అందుకే మర్యాదస్తులు ‘అంతా చట్టప్రకారమే జరుగుతోంది కదా’ అని సర్దిచెప్పుకోగలిగారు. ఆ తర్వాత మిగిలినవన్నీ వేగంగా జరిగిపోయాయి. 1926 చివరికి ప్రతిపక్ష పార్టీలు రద్దయ్యాయి, ఎన్నికైన మేయర్ల స్థానంలో నియమించినవాళ్లు వచ్చారు, ఎంపీగా ఉన్న కమ్యూనిస్టు నాయకుడు గ్రాంషీ జైల్లో ఉన్నాడు.

ప్రశ్న: ఎమర్జెన్సీని కూడా ఫాసిజం అనొచ్చా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: నేను అనను. 1975 జూన్ 25 రాత్రి ప్రతిపక్ష నాయకులను జైళ్లలో వేశారు, ఢిల్లీలో పత్రికల ప్రెస్సులకు కరెంటు తీసేశారు. 1976 ఏప్రిల్ 28న, నిర్బంధితులకు హెబియస్ కార్పస్ హక్కు, అంటే తమ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే హక్కు, లేదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది; నలుగురు న్యాయమూర్తులు అటు, ఒక్కరు ఇటు. ఆ ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. 1977 జనవరిలో ఆయన్ను దాటేసి, ఆయన కంటే జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. పైన చెప్పిన కేసులో కనిపించిన పోకడ ఇక్కడా కనిపిస్తుంది. కానీ వీధుల్లో కొట్టే సొంత సాయుధ దళం అప్పుడు పాలక పార్టీకి లేదు. పైగా ఎన్నికలు పెట్టారు, ఓడారు, దిగిపోయారు. ముస్సోలినీ అలా దిగలేదు. ఆ పదాన్ని ప్రతిదానికీ వాడేస్తే, నిజంగా అవసరమైన రోజున ఎవరూ పట్టించుకోరు.

అలాగని ఫాసిజం కాదంటే ఫరవాలేదని కాదు. హైదరాబాద్‌లోని ముషీరాబాద్ జైల్లో నక్సలైట్ ఉద్యమంలోని భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసింది ఎమర్జెన్సీలోనే, 1975 డిసెంబరు 1న. 1977లో ఉత్తరాది మొత్తం కాంగ్రెస్‌ను ఊడ్చేస్తే అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ సీట్లలో 41 దానికే ఇచ్చింది. జనతా పార్టీ గెలిచింది ఒక్క నంద్యాల, అక్కడ నీలం సంజీవరెడ్డి. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల భయం ఉత్తరాదిలో ఉన్నంతగా మన దగ్గర లేదు, పేపర్లలో సెన్సార్ దాటినవే వచ్చేవి. మన ఇంటిదాకా రాని బాధ ఎంత సులువుగా మన కంటికి ఆనకుండా పోతుందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధేస్తుంది.

ప్రశ్న: ప్రభుత్వ కాలేజీలో పనిచేస్తున్నాను. పెళ్లాం పిల్లలున్నవాణ్ని. నాలాంటివాడు ఏం చేయగలడు సార్?
– ఒక లెక్చరర్, అనంతపురం

జవాబు: 1931లో ఇటలీ ప్రొఫెసర్లను ఫాసిస్టు ప్రభుత్వానికి విధేయంగా ఉంటామని ప్రమాణం చేయమన్నారు. పన్నెండు వందల మందికి పైగా ఉంటే కాదన్నది ఇంచుమించు డజను మంది, వాళ్ల ఉద్యోగాలు పోయాయి. సంతకం పెట్టినవాళ్లలో చాలామంది మీలాంటి సంసారులే, వాళ్లను నేను తిట్టను. అప్పటికి ఆలస్యమైంది. 1924 వేసవిలో, పైన చెప్పిన మత్తెయొత్తి కేసు ఇంకా బతికి ఉన్నప్పుడు, వాళ్లు నోరు తెరవడానికి అంత ఖరీదు లేదు.

మీ జిల్లాలో ఒక విలేకరి మీదో, సమాచార హక్కు దరఖాస్తు పెట్టినవాడి మీదో దాడి జరిగితే, ఆరు నెలల తర్వాత ఆ కేసు ఏమైందో కనుక్కోండి. ఛార్జిషీటు వేశారా, దర్యాప్తు అధికారి అక్కడే ఉన్నాడా అని మీ సంఘం తరఫున అడగండి. ఒక్కరే వెళ్లకండి, నలుగురు కలిసి సంతకాలు పెట్టి వెళ్లండి.