పుట్టినప్పుడు బాగున్న బాబుకు ఆరో నెలలో రక్తం ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మావారు నాకు స్వయానా మేనత్త కొడుకు. బాబుకు నాలుగేళ్లు, థలసీమియా మేజర్ అనే పుట్టు రక్తం జబ్బు ఉంది. మూడు వారాలకోసారి కాకినాడ తీసుకెళ్లి రక్తం ఎక్కిస్తున్నాం. ఆరో నెల దాకా బాగానే ఉన్నాడు. నా పాలు చాలకే ఇలా అయిందని అత్తయ్య అంటుంది. ఆగిపోయిన జన్యువును మళ్లీ పనిచేయించే వైద్యం వచ్చిందట. కొబ్బరితోట అమ్మైనా చేయిద్దామా? మా తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం, వాడికీ భయమా?

జవాబు: తోట అమ్మకండమ్మా. పాలకూ ఈ జబ్బుకూ ఏ సంబంధమూ లేదు, ఆ మాట మనసులోంచి తీసేయండి.

ఎర్రకణాల్లో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ గ్లోబిన్లనే భాగాలతో తయారవుతుంది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ హిమోగ్లోబిన్ గామా గ్లోబిన్‌తో తయారవుతుంది. పుట్టిన కొన్ని నెలల్లో అది తగ్గిపోయి బీటా గ్లోబిన్ ఆ పని అందుకోవాలి. మీ బాబులో దెబ్బతిన్నది బీటా జన్యువు. గామా ఉన్నన్నాళ్లూ అందుకే బాగున్నాడు.

ఈ మార్పును నడిపేవి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లనే ప్రోటీన్లు. మన కణాలన్నిటిలో దాదాపు అవే జన్యువులుంటాయి. కాలువ నీరు ఒకటే అయినా తూము తీసిన చేనే తడిసినట్టు, ఈ ప్రోటీన్లు డీఎన్ఏ మీద ఎక్కడ అతుక్కుంటాయో దాన్నిబట్టి ఒక జన్యువు పనిచేస్తుంది, ఇంకొకటి ఆగుతుంది. ఎముక మజ్జలోని మూలకణం ఎర్రకణంగా ఎదగాలంటే గాటా1 అనే ఫ్యాక్టర్ తప్పనిసరి. గామాను మూసేసేది ముఖ్యంగా బీసీఎల్11ఏ అనే మరో ఫ్యాక్టర్. ఈ సంగతి 2008లో బయటపడ్డప్పటి నుంచి మా రంగంలో ఎంతో ఆశ పుట్టింది. ఎందుకంటే బాబు గామా జన్యువు చెడిపోలేదు, మూతపడింది, అంతే.

మీరు విన్న వైద్యం బహుశా కాస్‌జెవీ. 2023 నవంబరులో మొదట బ్రిటన్ అనుమతించింది. రోగి మూలకణాలు బయటికి తీసి, ఎర్రకణాల్లో బీసీఎల్11ఏను నడిపించే డీఎన్ఏ భాగంలో, సరిగ్గా గాటా1 అతుక్కునే చోట కత్తిరిస్తారు. దాంతో బీసీఎల్11ఏ తగ్గి గామా మళ్లీ తయారవుతుంది. కానీ ఆ అనుమతి 12 ఏళ్లు నిండినవారికి. ఆ కణాలను తిరిగి ఎక్కించే ముందు మజ్జను ఖాళీ చేసే గట్టి కీమోథెరపీ ఇవ్వాలి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు.

ఇప్పుడు చేయాల్సింది వేరే ఉంది. రక్తం తప్పించకండి. ఎక్కించిన రక్తంతో ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది కాబట్టి ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష చేయించి, డాక్టరు రాసిన ఐరన్ తగ్గించే మందు రోజూ వేయండి. బాబుకు తోడబుట్టినవాళ్లుంటే, వాళ్ల మజ్జ బాబుకు సరిపోతుందో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించండి. కలిస్తే మజ్జ మార్పిడికి ఇదే మంచి వయసు.

మరో బిడ్డను అనుకుంటే, మీరిద్దరూ క్యారియర్లు (దెబ్బతిన్న జన్యువు ఒకటి మోస్తున్నా తమకు జబ్బు లేనివారు) కాబట్టి ప్రతి కాన్పులోనూ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. గర్భం నిలవగానే డాక్టరుకు చెప్పండి, 11వ వారం నుంచి పరీక్ష చేయొచ్చు. తమ్ముడికి పెళ్లికి ముందే, క్యారియర్ అవునో కాదో తేల్చే హెచ్‌పీఎల్‌సీ రక్తపరీక్ష చేయించండి. అతను క్యారియర్ అయినా భయం లేదు, చూసే అమ్మాయికీ అదే పరీక్ష చేయిస్తే చాలు.