కొలరాడోలో ఎల్క్ వేటకు వెళ్లాలనుకుంటున్న మేనల్లుడికి

చి. మేనల్లుడికి,

ఆశీస్సులు. ఆఫీసు స్నేహితులు ఎల్క్ (ఇక్కడి పెద్ద జాతి జింక) వేటకు పిలుస్తున్నారనీ, ముందు ఒక రైఫిల్ కొనేసి లైసెన్సు సంగతి తర్వాత చూసుకుంటాననీ రాశావు. ఆ వరుస తలకిందులుగా ఉంది నాయనా. నువ్వు హెచ్-1బి మీద ఉన్నావు. ఇలాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ (తాత్కాలిక) వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఇక్కడి కేంద్ర చట్టం. దానికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో నీకు పనికొచ్చేది ఒక్కటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది చేతికి వచ్చేదాకా స్నేహితుడి తుపాకీ "ఒకసారి పట్టుకుని చూడు" అన్నా పట్టుకోకు. షూటింగ్ రేంజిలో అద్దె తుపాకీ కూడా అంతే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు కాబట్టి వాళ్లు చెప్పే ధైర్యం నీకు వర్తించదు. తేడా వస్తే అది జరిమానాతో పోదు, వీసా మీదికి వస్తుంది. అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఒక గంట ఫీజు కట్టి అడుగు.

మొదటి మెట్టు హంటర్ ఎడ్యుకేషన్ కార్డు, వేట భద్రత కోర్సు పూర్తి చేస్తే ఇచ్చేది. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన ఎవరికైనా అది లేనిదే కొలరాడోలో లైసెన్సు అమ్మరు. ఆ కోర్సు చలికాలంలోనే పూర్తి చెయ్యి, వేసవికి సీట్లు దొరకడం కష్టం. కార్డు రాగానే కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ అనే రాష్ట్ర శాఖ దగ్గర ఏడాది స్మాల్ గేమ్ లైసెన్సు తీసుకో. కుందేళ్లు, ఉడతలు, పక్షుల కోసం ఇచ్చే లైసెన్సు అది. నీకు దానితో రెండు పనులు అవుతాయి. ఎల్క్ డ్రాకు, అంటే ఎల్క్ లైసెన్సుల లాటరీకి, దరఖాస్తు పెట్టాలంటే ముందుగా అర్హత లైసెన్సు ఒకటి ఉండాలి, ఇది చెల్లుతుంది. నేను పైన చెప్పిన కేంద్ర చట్టం మినహాయింపుకూ ఇదే ఆధారం. మార్చి 1 నుంచి మరుసటి ఏడు మార్చి 31 దాకా నడుస్తుంది. తుపాకీ కొన్నాక ఈ తేదీని పాస్‌పోర్టు గడువంత జాగ్రత్తగా చూసుకో. లైసెన్సు ముగిసి, తుపాకీ ఇంట్లోనే ఉంటే మళ్లీ మొదటికి వచ్చినట్టే. 18 నుంచి 64 ఏళ్ల మధ్యవాళ్లు హ్యాబిటాట్ స్టాంపు (వన్యప్రాణుల ఆవాసాల కోసం కట్టే రుసుము) కూడా ఏడాదికోటి కొనాలి.

ఇంకో మాట. స్థానికుడి ధరకు, బయటివాడి ధరకు చాలా తేడా. స్థానికుడివి అనిపించుకోవాలంటే దరఖాస్తుకు ముందు వరుసగా ఆరు నెలలు కొలరాడోలోనే ఉండి ఉండాలి. డెన్వర్‌కి నాలుగు నెలల క్రితమే మారి ఉంటే బయటివాడి ధరే కట్టు. ఆరు నెలలైందని అబద్ధం రాయడం కేసు అవుతుంది.

డ్రా దరఖాస్తులు మార్చిలో మొదలై ఏప్రిల్ మొదటి మంగళవారం రాత్రి 8 గంటలకు మూతపడతాయి. నిమిషం దాటినా తీసుకోరు. దరఖాస్తులో మొదటి కోరికగా రాసిన లైసెన్సు రాకపోతే ఒక ప్రిఫరెన్స్ పాయింటు (తర్వాతి డ్రాలో నిన్ను ముందుకు జరిపేది) జమ అవుతుంది, పాయింట్లు మొదటి కోరికకే పనికొస్తాయి. అందుకే కొత్తవాళ్లు పేరున్న యూనిట్లను (వేట ప్రాంతాలను) మొదటి కోరికగా పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. నీకు నా సలహా: ఆడ ఎల్క్ లైసెన్సు అడుగు. సులువుగా దొరుకుతుంది, మాంసం మెత్తన, కొమ్ములు లెక్కపెట్టే బాధ లేదు.

ఇక హంట్ కోడ్. తప్పులన్నీ దాదాపు ఇక్కడే పుడతాయి కాబట్టి దీని మీద ఒక సాయంత్రం కూర్చో. నీ లైసెన్సు మీద ఈ-ఎఫ్-054-ఓ2-ఆర్ అని ఉందనుకుందాం. మొదటి అక్షరం జంతువు, ఎల్క్. రెండోది ఆడదని. మూడు అంకెలు యూనిట్, అంటే ఏ అడవి. ఓ2 అంటే రెండో సీజన్, అందులో ఉన్నది సున్నా కాదు, ఓ అక్షరం. చివరి ఆర్ అంటే రైఫిల్. అక్కడ ఎం ఉంటే గొట్టం ముందు నుంచి మందు దట్టించే తుపాకీ, ఏ (A) ఉంటే విల్లు. ఈ అయిదింటిలో ఏ ఒక్కటి మారినా నీ చేతిలో లైసెన్సు లేనట్టే. ఒకే కోడ్ పక్క యూనిట్లలోనూ చెల్లవచ్చు, చెల్లకపోవచ్చు. ఆ ఏటి బ్రోచర్‌లో ఆ వరుసకు ఎదురుగా ఏ యూనిట్లు రాశారో చూసుకో, నిరుటి బ్రోచర్ నమ్మకు. యూనిట్ల సరిహద్దులు రోడ్లు, వాగులు, కొండ అంచుల వెంట పోతాయి. కొండ మీద సిగ్నల్ ఉండదు, మ్యాపు ఫోన్లోకి ముందే దించుకుని ఉంచు.

సీజన్లు స్థూలంగా ఇలా: సెప్టెంబరు విల్లువాళ్లది, ఆ నెల మధ్యలో తొమ్మిది రోజులు మజిల్ లోడర్, అంటే పైన చెప్పిన మందు దట్టించే తుపాకీ. అక్టోబరు మధ్యలో మొదటి రైఫిల్ సీజన్, అయిదే రోజులు, ఎల్క్‌కే. నెలాఖరులో రెండోది, నవంబరులో మూడు, నాలుగు. తేదీలు ఏటా మారతాయి. వేళ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా.

రైఫిల్ గొట్టం లోపలి వ్యాసం కనీసం పాయింట్ 24 అంగుళం, గొట్టం పొడవు కనీసం 16 అంగుళాలు ఉండాలి. ఎల్క్‌కి తూటా బరువు 85 గ్రెయిన్లకు తగ్గకూడదు, తగిలాక విచ్చుకునేదై ఉండాలి, వంద గజాల దగ్గర వెయ్యి ఫుట్-పౌండ్ల శక్తి మిగలాలి. ఇవి చట్టం పెట్టిన అడుగు కొలతలు. పాయింట్ 308 లాంటిది తీసుకుంటే గాయపడి పారిపోయే జంతువులు తగ్గుతాయి. రైఫిల్ సీజన్లో నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ గానీ పింక్ గానీ వేసుకోవాలి, నెత్తిన అదే రంగు టోపీ ఉండాలి, అది నాలుగు వైపుల నుంచీ కనిపించాలి. ఆకుల డిజైన్ ఉన్న ఆరెంజ్ లెక్కలోకి రాదు. పైన వీపుసంచీ తగిలిస్తే చొక్కా రంగు కప్పుకుపోతుంది, సంచీకి కూడా ఒక ఆరెంజ్ కవరు తొడుగు.

కారులో ఉన్నప్పుడు ఛాంబర్ (తూటా పేలే అర) ఖాళీగా ఉండాలి. నాలుగు చక్రాల ఏటీవీ మీద అయితే మేగజైన్ (తూటాలు నింపే పెట్టె) కూడా ఖాళీ చేసి, తుపాకీని కేసులో పెట్టాలి. రోడ్డు మధ్యగీత నుంచి 50 అడుగుల దూరం పోకుండా కాల్చకూడదు. ప్రైవేటు భూమికి కంచె గానీ బోర్డు గానీ ఉండాలన్న నియమం ఇక్కడ లేదు. అనుమతి అడగాల్సిన భారం నీదే, "తెలియదండీ" అంటే కుదరదు.

స్నేహితులతో వెళ్తున్నావు గనుక గట్టిగా చెబుతున్నా: ఒకరి లైసెన్సు మీద ఇంకొకరు కొట్టడం నేరం. ముగ్గురికి మూడు ట్యాగులు (లైసెన్సుతో వచ్చే చీటీలు) ఉన్నాయి గదా, ఎవరు కొడితే ఏం అంటారు. ఒప్పుకోకు.

ట్రిగ్గర్ మీద వేలు పెట్టే ముందు జంతువు ఏమిటో తేల్చుకో. ఎల్క్ అనుకుని మూస్ అనే ఇంకో పెద్ద జింకని కొట్టేవాళ్లు ఏటా ఉంటారు. ఎల్క్ మన కణుజుకు అన్నలాంటిది: మెడ ముదురు గోధుమరంగు, వెనకభాగం మీగడ రంగు. మూస్ ఒళ్లంతా నలుపు తిరిగిన గోధుమరంగు, ముక్కు కిందికి వేలాడుతుంది, గొంతు కింద తోలు వేలాడుతుంది, మగదాని కొమ్ములు చేటల్లా పరుచుకుంటాయి. పొద్దుటి మసకలో వెనకభాగం కనపడకపోతే కాల్చకు. మగ ఎల్క్ లైసెన్సు అయితే చాలా యూనిట్లలో ఒక కొమ్ముకు నాలుగు కొసలైనా ఉండాలి, లేదా నుదుటి దగ్గరి కొస అయిదు అంగుళాలైనా ఉండాలి. పొరపాటు జరిగిపోతే పేగులు తీసి, మాంసం చెడకుండా చూసి, వెంటనే అధికారికి ఫోన్ చెయ్యి. దాచిపెట్టిన వాడికీ తానై చెప్పుకున్న వాడికీ శిక్షలో చాలా తేడా ఉంటుంది. ఒక కొమ్ముకు ఆరు కొసలున్న ఎల్క్‌ని అక్రమంగా కొడితే మామూలు జరిమానా పైన మరో పది వేల డాలర్లు, శామ్సన్ చట్టం కింద. ఎస్టెస్ పార్క్ అనే ఊళ్లో జనానికి అలవాటైన శామ్సన్ అనే ఎల్క్‌ని ఒకడు చంపాక 1998లో తెచ్చిన చట్టం అది.

జంతువు పడిన వెంటనే లైసెన్సు నుంచి కాగితం ట్యాగ్ విడదీసి, దాని మీద సంతకం, తేదీ వెయ్యి. ఇంటి దగ్గరే సంతకం చేసి తెచ్చుకుంటే ఆ ట్యాగ్ చెల్లదు. మాంసాన్ని క్యాంపుకో కారుకో చేర్చేటప్పటికి అది కళేబరానికి కట్టి ఉండాలి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి దారంతో కట్టు, నెత్తురుకి కాగితం నానిపోతుంది. ఆడో మగో తెలిసే భాగాన్ని ఒక తొడకు సహజంగా అంటుకునే ఉంచాలి. కొత్తవాళ్లు శుభ్రంగా కోస్తున్నామని ముందు దాన్నే కోసి పారేస్తారు. ఆడదానికైతే పొదుగులో ఒక ముక్క తొడకు వదిలెయ్. నాలుగు కాళ్ల మాంసం, వీపు కండలు, లోపలి మెత్తని కండలు వదలకుండా తేవాలి, అది చట్టం. చర్మం త్వరగా ఒలిచి, గాలి ఆడే గుడ్డసంచుల్లో నీడన వేలాడదియ్. ఎల్క్ తొడ ఎముక చుట్టూ వేడి గంటల తరబడి నిలుస్తుంది, పైన గడ్డకట్టే చలి ఉన్నా లోపల పులిసిపోతుంది. బండి నుంచి రెండు మైళ్లు దాటి కొడితే మోయడానికి ఒంటరిగా ఒక రోజు చాలదు, ఎత్తు తొమ్మిది వేల అడుగులు దాటి ఉంటుంది.

తల పారెయ్యకు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు ఇక్కడి జింకల్లో, ఎల్క్‌లో ఉంది, మొదట ఫోర్ట్ కాలిన్స్‌లో 1967లోనే కనిపించింది. కొన్ని హంట్ కోడ్లకు పరీక్ష తప్పనిసరి, ఆ సంగతి నీకు ఉత్తరం వస్తుంది. రాకపోయినా తలని శాంపిల్ కేంద్రానికి ఇవ్వు. మాంసం కొట్టించే దుకాణంలో నీ జంతువుని విడిగా కోయమని చెప్పు, వేరేవాళ్ల దానితో కలిపితే పరీక్షకు అర్థం ఉండదు. ప్యాకెట్ల మీద తేదీ, పరీక్ష నంబరు రాసి ఫ్రీజర్‌లో పక్కన పెట్టు. పాజిటివ్ అని వస్తే తినొద్దు, పిల్లలకు అసలే వద్దు. నెగిటివ్ అని వచ్చిన రోజు అక్కకి ఫోన్ చెయ్యి, కూర ఎలా వండాలో తను చెబుతుంది.

మామయ్య