ఇంజెక్షన్ సంగతి తర్వాత, ముందు జ్వరం సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 41. ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉంది. వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలతో నొప్పులు తగ్గలేదని ఐదు నెలల కిందట రెండు వారాలకోసారి అడాలిముమాబ్ ఇంజెక్షన్ కూడా మొదలుపెట్టారు. ఇప్పుడు బాగానే ఉంది. మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని రెండు నెలల కిందట మానేశాను. ఇంజెక్షన్ ఒక్కటే చాలా? ఈమధ్య సాయంత్రాలు కొద్దిగా జ్వరం వస్తోంది, డోలో వేసుకుంటే తగ్గుతోంది.
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: జ్వరం ఎన్నాళ్లుగా వస్తోందో మీరు రాయలేదు. నాకు కావలసింది అదే. అడాలిముమాబ్ లాంటి మందులు వాడేటప్పుడు, ఒంట్లో ఎప్పటినుంచో అణగి ఉన్న టీబీ మళ్లీ తిరగబెట్టవచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ కోసం మాంటూ (చర్మ పరీక్ష) లేదా ఇగ్రా (రక్త పరీక్ష) చేయిస్తాం. మీకూ చేసే ఉంటారు. అప్పుడు ఏమీ లేదన్నారు కాబట్టి ఇప్పుడూ లేదనుకోకండి. దగ్గు లేదు కదా అని ధీమా కూడా వద్దు, ఈ మందుల మీద ఉన్నవారికి టీబీ లింఫు గ్రంథుల్లోనో పొట్టలోనో రావచ్చు. మామూలు వైరల్ జ్వరమే కావచ్చు, చూడకుండా నేను చెప్పలేను. తర్వాతి ఇంజెక్షన్ వేసుకోకముందే మీ రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కలవండి. జ్వరం ఎందుకొస్తోందో తేలేదాకా సాధారణంగా ఆ డోసు ఆపుతాం. రోజూ డోలో వేసుకుంటూ పోతే జ్వరం కనబడదు, జబ్బు మాత్రం ఉంటుంది. థర్మామీటరుతో చూసి రాసిపెట్టుకోండి.

ఇక మీరు అడిగింది. మెథోట్రెక్సేట్ అసలు పడనివారికి బయలాజిక్ (అడాలిముమాబ్ లాంటి, జీవకణాలతో తయారుచేసే మందు) ఒక్కటే ఇవ్వడం ఉంది. కానీ అన్ని బయలాజిక్‌లూ ఒకేలా పనిచేయవు. 2013లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అడాక్టా అనే ట్రయల్‌లో, మెథోట్రెక్సేట్ లేకుండా వాడినప్పుడు అడాలిముమాబ్ కంటే టోసిలిజుమాబ్ అనే మరో బయలాజిక్ బాగా పనిచేసింది. మెథోట్రెక్సేట్ తోడు లేకపోతే అడాలిముమాబ్‌ను అడ్డుకునే యాంటీబాడీలను శరీరం తయారుచేసుకునే అవకాశం పెరుగుతుంది. ఇవాళ చేతులు బాగున్నాయి కదా అంటే, కొన్ని నెలల తర్వాత ఇంజెక్షన్ పట్టు తప్పవచ్చు. అప్పుడు ఆ ఖరీదైన మందే పనిచేయలేదనుకుంటారు.

కడుపులో తిప్పడానికి మార్గాలున్నాయమ్మా. ఫోలిక్ యాసిడ్ సరిచేయడం, డోసు తగ్గించడం, మాత్ర బదులు మెథోట్రెక్సేట్‌నే చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇవ్వడం, అదీ కుదరకపోతే లెఫ్లునమైడ్ లాంటి వేరే మందు. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. మీరు రెండు మందులూ వాడుతున్నారనుకునే మీ డాక్టరు రిపోర్టులు చూస్తున్నారు. మానేసిన సంగతి ఈసారైనా చెప్పండి. అలాగని ఇది చదివి మెథోట్రెక్సేట్ మళ్లీ సొంతంగా మొదలుపెట్టకండి. జ్వరం ఉండగా అదీ వద్దు.