ఎండాకాలం ఫైర్ సూట్‌లో కళ్లు తిరిగితే స్టామినా లేనట్టేనా?

విశాఖ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫైర్‌మ్యాన్‌గా కొత్తగా చేరాననీ, ఫుల్ సూట్, బీఏ సెట్ (ఊపిరికి వీపున కట్టుకునే గాలి సిలిండరు, మాస్క్)తో డ్రిల్ చేస్తే పావుగంటకే కళ్లు తిరుగుతున్నాయనీ, సీనియర్లు "స్టామినా లేదు" అని నవ్వుతున్నారనీ ఓ తమ్ముడు అడిగాడు. నేనూ ఆ చుట్టుపక్కల కెమికల్ ప్లాంట్ల ఫైర్ సెక్షన్లలోనే తల నెరిసినవాణ్ని కాబట్టి చెబుతున్నా.

తమ్ముడూ, ఆ స్టామినా మాట పక్కన పెట్టు. పరుగుపందెంలో ఫస్ట్ వచ్చేవాడికైనా ఆ సూట్‌లో కళ్లు తిరగొచ్చు. సూట్‌లో మూడు పొరలుంటాయి: పైన నోమెక్స్ లాంటి, మంటను తట్టుకునే అరామిడ్ గుడ్డ, మధ్యలో తడి లోపలికి రానివ్వని పొర, అడుగున వేడిని ఆపే లైనింగ్. మంట సెగను ఆపేది ఇవే, ఒంట్లో పుట్టిన వేడిని పోనివ్వనివీ ఇవే. గడ్డిలో వేసిన మామిడికాయలకు ఎవరూ సెగ పెట్టరు, తమలో పుట్టిన వేడికే అవి వెచ్చబడతాయి. సూట్‌లో మన పనీ అంతే. కండరాలు ఖర్చుచేసే శక్తిలో పనికి పోయేది ఓ పావు వంతు, మిగతాదంతా వేడే. సిలిండరు, బూట్లు, హెల్మెట్ కలిపితే ఒంటి మీద బరువు 20 కిలోల పైమాటే.

చెమట పడుతోంది కదా అంటావేమో. ఒంటిని చల్లబరిచేది పట్టిన చెమట కాదు, ఆరిన చెమట. డ్రిల్ అయ్యాక గమ్ బూటు వంచితే ధారకట్టి కారుతుందే, అదంతా ఒంట్లోంచి వృథాగా పోయిన నీరు. వైజాగ్ ఉక్కపోతలో మామూలు చొక్కాకే చెమట ఆరదు.

అందుకే అమెరికాలో అగ్నిమాపక ప్రమాణాలు రాసే ఎన్ఎఫ్‌పీఏ సంస్థ వాళ్ల 1971 నంబరు ప్రమాణం (ఇప్పుడు 1970లో కలిపేశారు) సూట్ మంటను ఎంత ఆపుతుందో చూసి ఊరుకోదు. చదరపు మీటరుకు కనీసం 205 వాట్ల వేడిని బయటికి వదలాలని కూడా అడుగుతుంది. వెండిరంగు అల్యూమినియం సూట్‌లో అయితే గాలే ఆడదు. అది మంట దగ్గరికెళ్లి చిన్న పని చూసుకుని వెంటనే వచ్చేయడానికి, గంటలు నిలబడడానికి కాదు.

నన్నడిగితే అసలు ప్రమాదం బయటికొచ్చాకే. పని ఆపినా ఒంటి లోపలి వేడి కాసేపు పెరుగుతూనే ఉంటుంది. ఓ మే నెలలో డ్రిల్ అయ్యాక మా కుర్రాడొకడు సూట్ విప్పకుండా చెట్టుకింద కూర్చుని జోకులేస్తున్నాడు. కాసేపటికి హోజ్ కప్లింగ్ (నీటి గొట్టాల జాయింటు) విప్పమన్నాం. రెండు లగ్గులు (పక్కనుండే పిడులు) లాగితే ఊడొచ్చేదాన్ని మరచీలలా తిప్పుతూ కూర్చున్నాడు. రోజూ విప్పేదే! ఒళ్లంతా చెమటే. చెమట ఆగితేనే వడదెబ్బ అనుకుంటారు గానీ, పనిచేస్తూ తగిలే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు. మాటలో తేడా, చూపులో తేడా, ఊరికే చిరాకు, ఇవి చూడాలి. సూటంతా ఊడదీసి, ఒంటిమీద నీళ్లు కొడుతూ, ఫ్యాన్ పెట్టి, ఆ తర్వాతే అంబులెన్స్ ఎక్కించాం. ఆ వరుస తిరగేయకూడదు. ఒళ్లు కాలుతోంది కదా అని పారాసిటమాల్ వెయ్యొద్దు, దీనికి అది పనిచేయదు. జేబులో ఉల్లిపాయ సంగతి నన్ను అడగొద్దు.

నువ్వు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. బయటికి రాగానే హెల్మెట్, హుడ్, కోటు తీసెయ్, ప్యాంటు కూడా బూట్ల దాకా దించెయ్. సిగ్గు పడితే కుదరదు. మోచేతుల దాకా చేతుల్ని చల్లటి నీళ్ల బకెట్లో పది పదిహేను నిమిషాలు ఉంచు. కొత్తవాడివి కాబట్టి ఒళ్లు ఎండకు అలవాటు పడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. లాంగ్ లీవ్ పెట్టి వస్తే ఆ అలవాటు పోతుంది. నీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్ సూట్ వేసుకోకముందే మొదలవ్వాలి. లోపల కాటన్ బనియన్ వేసుకో, పాలిస్టర్ జెర్సీ వద్దు, అది కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అరగంట సిలిండర్లు రెండు ఖాళీ చేసినవాడికి కనీసం 20 నిమిషాల విశ్రాంతి ఇవ్వాలని ఎన్ఎఫ్‌పీఏ 1584 ప్రమాణం (ఇప్పుడు 1580లో కలిపేశారు) చెబుతుంది. మన దగ్గర సిలిండర్ మార్చి మళ్లీ పంపేస్తారు. ఈ అంకె మీ ఇంచార్జికి చూపించు.

ఫైర్ సర్వీస్ వీక్ ఏప్రిల్ 14నే మొదలవుతుంది. 1944లో బొంబాయి డాక్ పేలుడులో చనిపోయిన ఫైర్ సిబ్బంది గుర్తుగా పెట్టిన తేదీ, దాన్ని ఎవరూ మార్చలేరు. కానీ గెస్టుల కోసం పదకొండు గంటల ఎండలో పెట్టే డెమోని పొద్దున్న ఏడుకి మార్చొచ్చు, అడిగి చూడు. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్రలు గానీ, జలుబు మాత్రలు గానీ వాడుతుంటే ముందు డాక్టర్‌కి నీ ఉద్యోగం ఏమిటో చెప్పు. నీ పావుగంట సంగతి అక్కడే తేలిపోవచ్చు.