జనతా వాచీ రోజుకు 20 నిమిషాలు ముందుకు పోతుంటే

అన్నా, కావలిలో మీ నాయన చేతికి కట్టుకున్న హెచ్ఎంటీ జనతా వాచీ రోజుకు 20 నిమిషాలు ముందుకు పోతోంది, దీన్ని వదిలేసి కొత్తది కొంటానన్నారు. అంత పని లేదు. ఇంత తేడా వస్తే చాలావరకు లోపలి సన్నటి చుట్ల స్ప్రింగ్, అంటే హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకున్నట్టే. అయస్కాంతం పట్టినా, నూనె తగిలినా అలా అంటుకుంటాయి. స్ప్రింగ్ పొడవు తగ్గినట్టయి బ్యాలెన్స్ (అటూఇటూ ఊగే చక్రం) గబగబా ఊగుతుంది. దిక్సూచిని వాచీకి ఆనించి చూడండి. దిక్సూచి ముల్లు అదేపనిగా వణుకుతుంటే అయస్కాంతం పట్టింది. డీమాగ్నెటైజర్ (అయస్కాంతం వదిలించే పరికరం) బటన్ నొక్కిపట్టి, వాచీని నిదానంగా రెండడుగులు దూరం లాగాకే బటన్ వదలండి. దగ్గర్లో వదిలితే మళ్లీ అయస్కాంతం పడుతుంది. ముల్లు వణక్కపోతే చాలావరకు చుట్లకు నూనె అంటినట్టే, బ్యాలెన్స్ విప్పించి కడిగించాలి. ముందే రెగ్యులేటర్ మీట (వాచీ వేగం సరిచేసేది) జరిపించొద్దు, చుట్లు విడిపోయాక వాచీ వెనకబడుతుంది. డయల్‌కు మాత్రం కొత్త రంగు వేయించకండి, మరకలున్నా పాతదే అందం.