నెత్తుటి లెక్కలు రాసేటప్పుడు

నెల్లూరు

అమ్మాయీ,

వందేళ్లు బతికినవాళ్ల రక్తపరీక్షల మీద నీ వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. ‘వందేళ్ల రహస్యం నెత్తుట్లోనే’ అన్న శీర్షిక మాత్రం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు.

స్వీడన్ వాళ్ల పరిశోధన మళ్లీ చూడు. 1985-1996 మధ్య రక్తపరీక్షలు జరిగిన 44,636 మందిని ముప్పై అయిదేళ్ల దాకా గమనించారు. పరీక్షనాటికి వాళ్ల వయసు 64 నుంచి 99. వందకు చేరింది 1,224 మంది, అందులో నూటికి 85 మంది ఆడవాళ్లు. ఈ ముక్క నీ వ్యాసంలో లేనే లేదు. నేనైతే దాంతోనే మొదలుపెడతాను. మన వీధి అరుగుల మీదా చివరికి మిగిలేది అవ్వలే గదా!

వందకు చేరినవాళ్లకి అరవైల నుంచే షుగరు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఒంట్లో తయారయ్యే వ్యర్థం యూరిక్ యాసిడ్ తక్కువ. యూరిక్ యాసిడ్ అతి తక్కువున్న గుంపులో నూటికి నలుగురు వందేళ్లు చూశారు, అతి ఎక్కువున్న గుంపులో ఒకటిన్నర. ‘రెండున్నర రెట్లు’ అని రాశావు, తప్పు కాదు. కానీ ఆ మంచి గుంపులోనూ నూటికి 96 మంది చేరలేదన్నది పక్కనే ఉండాలి.

ఇంకోటి, కొలతలు. షుగరు 6.5 దాటినవాళ్లు వందకు చేరడం అరుదని అలాగే దించేశావు. మనవాళ్లకి 6.5 అంటే మూడు నెలల షుగరు పరీక్ష గుర్తొస్తుంది. ఇది వేరు, వాళ్లు వాడే మిల్లీమోల్ కొలత; మన ల్యాబు కాగితంలో మిల్లీగ్రాముల్లో 117. క్రియాటినిన్ వాళ్ల కొలతలో 125 అంటే ఇక్కడ 1.4. కనిగిరి వైపు కిడ్నీ జబ్బుతో అల్లాడే ఊళ్లలో ఈ అంకె చదువురానివాళ్లకీ తెలుసు. అక్కడ 125 అని చదివితే గుండె ఆగిపోతుంది.

కొలెస్ట్రాల్ దగ్గర మరీ జాగ్రత్త. బాగా తక్కువున్నవాళ్లు వందకు చేరడం తగ్గిందన్నది నిజమే. ముసలితనంలో తిండి సరిగా లేకపోయినా, లోపల జబ్బున్నా అది పడిపోవచ్చు. ఏది ముందో ఈ లెక్క తేల్చదు. నువ్వేమో ‘కొలెస్ట్రాల్ పెరిగితే ఆయుష్షు’ అన్నావు. పాతికేళ్ల కిందట నేనూ మెంతులతో షుగరు పోతుందన్నట్టు రాశాను. మా వీధి పెద్దాయన మాత్రలు మానేసి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరిగాడు. కాలి పుండు చూపించడానికి మా ఇంటికే వచ్చాడు. ఒక్క మాటా అనలేదు.

ఆ పేరా తిరగరాసి పంపు. శీర్షిక నేను పెట్టను, నువ్వే వెతుక్కో.

మీ మాస్టారు